నూకరాజు ఇనప మనిషికి తల లేదు

మా మథురాకాటి రైల్వే క్వార్టర్లలో నూకరాజుది మా పక్క ఇల్లు. మధ్యన ఒక్క ఇటుక గోడ. వాళ్ళింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ముతాం. అందుచేత అతని సంగతులు నేను ఎవరినీ అడిగి తెలుసుకోనక్కరలేదు. అయినా అడిగేదాన్ని, అది వేరే మాట.

రైల్వే కార్ఖానాలో టిన్ షాపులో, అంటే రేకుల విభాగంలో, పని అతనికి. రేకు కోయడం, వంచడం, అతకడం. ఇంటికొచ్చాక వీధిలో వాళ్ళ చెంబులకీ గంగాళాలకీ మాట్లు వేసిపెట్టేవాడు. మనిషి మెతక, మాట తక్కువ. ఆ తక్కువంతా భార్య చిలకమ్మ పూడ్చేసేది. వాళ్ళకి ఒక్కతే కూతురు, స్వర్ణకుమారి. బడిలో చేరి రెండేళ్ళయిన పిల్ల.

ఒక శీతాకాలం రైల్వే ఇన్‌స్టిట్యూటులో ఇంగ్లీషు సినిమా వేశారు. అందులో ఒక ఇనప మనిషి ఉన్నాడు. గుండ్రటి తల, రొమ్ము మీద వెలిగి ఆరే దీపాలు. అందరం చూశాం, ఇళ్ళకొచ్చి పడుకున్నాం. నూకరాజు మాత్రం మర్నాటి నుంచి ఖాళీ కిరసనాయిలు డబ్బాలు మోసుకురావడం మొదలుపెట్టాడు.

"ఏటి నూకరాజూ, దుకాణం పెడతావేటి?" అని గోడ మీంచి అడిగాను.

"నేదత్తా. రోబోటు సేస్తాను."

"అదేటి?"

"సినిమాల సూణ్ణేదా? ఆ ఇనప మనిషి. నిలువెత్తు."

"సేస్తే, ఏటి సేస్తాదది?"

మోసుకొచ్చిన డబ్బా దింపాడు. "నిలబడతాది," అన్నాడు.

లోపల్నుంచి చిలకమ్మ అందుకుంది. "ఇంట్ల ఒకడు నిలబడే ఉన్నాడు, నోరిప్పకండా. రెండోవోడొస్తన్నాడత్తా!"

ఝపటాపూర్ దుకాణాల్లో పాత డ్రమ్ములు కొనితెచ్చి కాళ్ళు చేశాడు. రేకుని విసనకర్ర మడతల్లా మడిచి చేతులు చేశాడు. కడుపు మాత్రం పెద్దది పెట్టాడు, బందులు బిగించిన తలుపుతో సహా. బ్యాటరీలూ తీగలూ అందులోకే. హిజ్లీ కాలేజీ కుర్రాడొకడు సైకిలేసుకొచ్చి చూసి, నడవదా అని అడిగితే, నడిస్తే వరండా చాలదు బాబూ అన్నాడు. టిన్ షాపు వాళ్ళు, కార్ఖానాలో పనిముట్లకి చేసే విశ్వకర్మ పూజ నాడు తమ షాపు ముందర నిలబెట్టుకుంటామని ముందే చెప్పి ఉంచారు. ఆ మాటకి నూకరాజు ముఖం వెలిగిపోవడం నేను చూశాను. కార్ఖానాలో చేరాక అతని పేరు ఎవరూ గట్టిగా పిలిచిన రోజు లేదు.

తల దగ్గర వచ్చింది చిక్కు. రేకు ఎంత కొట్టినా గుండ్రంగా రాదు, ముడత పడుతుంది. కొట్టడం, పారేయడం, మళ్ళీ కొట్టడం. మా గోడ అదిరిపోయేది. ఒకనాడు చప్పుడు ఆగింది. వెళ్ళి చూస్తే బొమ్మ భుజాల మీద నున్నటి గుండ్రటి తల! వెండి రంగు పూసి, కళ్ళకి రెండు చిల్లులు తీసి, ఎర్ర బల్బులు పెట్టాడు.

"ఎక్కడిదిరా ఇంత గుండ్రంది?"

నవ్వి, ఎర్ర బల్బులు వెలిగించి చూపించాడు.

బతుకుతెరువుకి పరాయి రాష్ట్రం వచ్చినా మా తెలుగువాళ్ళు చైత్రంలో మాతపూజ చేస్తారు. రాగి ఘటంలో పసుపు నీళ్ళు పోసి, వేపమండలు పెట్టి, తల మీద ఎత్తుకుని వీధి వీధీ తిప్పుతారు. మా వీధి ఘటం ఎత్తేది దేముడని, వయసు మళ్ళిన గాంగ్‌మన్. ఆ ఏడు ఘటం దింపి నాలుగు రోజులు కాలేదు, స్వర్ణకి ఒళ్ళు కాలే జ్వరం వచ్చింది. తర్వాత ముఖం నిండా పొక్కులు. చిన్నవి కావు, పెద్దమ్మవారు, మశూచి.

అమ్మవారు పోసిన ఇంట్లో పోపు వేయకూడదు, సుత్తి చప్పుడు చేయకూడదు. చిలకమ్మ గుమ్మానికి వేపాకు కట్టింది. నూకరాజు సుత్తి మూల పడేసి, పిల్ల మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. పిల్ల కళ్ళు విప్పలేకపోతోంది. నీళ్ళు గొంతు దిగడం లేదు.

నేను వేపమండలు తీసుకుని వెళ్ళిన వేళకే దేముడు కూడా చూడ్డానికొచ్చాడు. వరండాలో బొమ్మ దగ్గర ఆగాడు. నవ్వబోయి, చెయ్యి చాచి దాని తల తడిమాడు. ఆ చెయ్యి ఒక చోట నిలిచిపోయింది.

"ఒరే నూకరాజూ. ఈ సొట్ట నాదిరా."

అంతకు మూడేళ్ళ ముందు మాతపూజలో దేముడు రైలు గేటు దగ్గర కాలు జారి పడ్డాడు. ఘటం సొట్టపోయింది. కొత్త ఘటం తెప్పించారు. పాతదాన్ని వాడుక ప్రకారం పసుపు నీళ్ళతో నింపి, నడిచి వెళ్ళి కాసాయి నదిలో కలపాలి. మంచి రోజు చూసి కలుపుదాం, అందాకా నీ దగ్గర ఉంచు అని నూకరాజుకి అప్పగించారు. ఆ మంచి రోజు ఎవరూ చూడలేదు. అందరూ మర్చిపోయారు.

నూకరాజు లేచి వచ్చాడు. "అమ్మని సాగనంపేసినాం గదా మావా. ఇంక మిగిల్నది రాగే గదా అనుకున్నాను."

"నీరు కలపకండా సాగనంపడమేట్రా? ఇంట్ల పెట్టుకున్నావు. కళ్ళు పొడిసినావు!"

చిలకమ్మ గుమ్మంలోంచి వచ్చింది. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "నా పిల్ల కళ్ళిప్పట్నేదు," అంది. "ఇను. నా పిల్ల కళ్ళిప్పట్నేదు."

పిల్ల ప్రాణం తన చేతిలోనే పోతోందని ఆ క్షణాన నూకరాజు నమ్మేశాడు. తల పట్టుకుని తిప్పాడు. అది మెడకి మాటు వేసి ఉంది, రాలేదు. ఇంట్లో నిప్పు పని చెయ్యకూడదు గనక బొమ్మని దేముడి పెరట్లోకి మోయించాడు. అక్కడ మాటు కరిగించి తల విడదీశాడు. వెండి రంగంతా ఇసకతో తోమాడు. కంటి చిల్లులు రెంటికీ రాగి ముక్కలు అతికాడు. ఎన్నో చెంబులకి మాటు వేసినవాడు, ఆ పూట అతుకు నిలిచిందో లేదో చూడకుండానే పసుపు నీళ్ళు పోసేశాడు.

తడిబట్టలతో ఘటం నెత్తిన పెట్టుకుని తనే బయల్దేరాడు. నేనూ, దేముడూ, మరో నలుగురూ వెనకాల నడిచాం. దారిలో ఒక అతుకు కారడం మొదలెట్టింది. పసుపు నీళ్ళు అతని చెంప మీంచి మెడ మీదికి ధార కట్టాయి. తుడుచుకోవడానికి చెయ్యి తియ్యలేదు. కాసాయి దగ్గరికి చేరేసరికి ఘటం సగం ఖాళీ. దేముడు ఏటి నీళ్ళతో నింపి, దండం పెట్టి, అతని చేతే వదిలించాడు.

స్వర్ణ బతికింది. ముఖం నిండా మచ్చలు మిగిలాయి.

అమ్మ శాంతించిందని దేముడు వీధంతా చెప్పాడు. తల లేని బొమ్మ మళ్ళీ వరండాకి వచ్చింది. చిలకమ్మ దాని మెడలోంచి బొగ్గులు పోసి దాచుకునేది. వానలు తగ్గుతున్నాయి, విశ్వకర్మ పూజ దగ్గర పడుతోంది. టిన్ షాపు వాళ్ళు కబురు మీద కబురు పెట్టారు. ఒక సాయంత్రం నూకరాజు బొగ్గులు తీసి, బొమ్మని తుడిచి, కొత్త రేకు ఒకటి ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాడు. చాలా రోజులకి అతని ముఖంలో ఆ వెలుగు చూసి, నేనూ గోడ దగ్గర నిలబడ్డాను.

స్వర్ణ బొమ్మ కడుపు తలుపు తీసి, ఒక కాలు లోపల పెట్టి, ఇవతలికి తీసేసింది.

"నానా, ఇప్పుడు నాను పట్టట్నేదు ఇందుల."

"ఎప్పుడు దూరినావే అందుల?"

"టీకాలోళ్ళొచ్చినప్పుడు. అమ్మ బడికెళ్ళిందని సెప్పింది. నాను ఇందుల ఉన్నాను." పిల్ల నవ్వింది. "ఆ సూది దీదీ బొమ్మ ముందరే నిలబడింది, నన్ను సూణ్ణేదు!"

మాతపూజకి ముందు అమ్మవారి టీకాలవాళ్ళు వీధంతా తిరిగారు. మా మనవల్ని రెక్క పట్టుకుని నేనే వేయించాను. పక్కింటి పిల్లకి కూడా అయిపోయిందనే అనుకున్నాను. చిలకమ్మ కూడా అబద్ధం చెప్పలేదు. పిల్ల బడిలో ఉందనే అనుకుంది.

నూకరాజు రేకు పక్కన పెట్టాడు. కడుపు తలుపు బందులు ఒక్కొక్కటే విప్పి, తలుపు తీసి, గోడకి ఆనించి లోపలికి వెళ్ళిపోయాడు. చిలకమ్మ అన్నం తినమని పిలిస్తే రాలేదు. విశ్వకర్మ పూజకి టిన్ షాపు వాళ్ళు రంగు కాగితాలతో సరిపెట్టుకున్నారు.

ఆ మరుసటి సంవత్సరం టీకాలవాళ్ళు వచ్చిన రోజున నూకరాజు కార్ఖానాకి వెళ్ళలేదు. వాళ్ళ ముందర తనే నడిచాడు. అప్పట్నుంచి ఏటా అంతే, సెలవు పెట్టి మరీ తిరుగుతాడు. పిల్లలు లేరు, బడికెళ్ళారు అని తల్లులు చెప్పినా వినడు. బొగ్గుల గదిలో, నీళ్ళ డ్రమ్ము వెనక, అటక మీద చూస్తాడు. దాక్కున్నవాళ్ళని తిట్టడు. చెయ్యి పట్టుకుని తెచ్చి, సూది దిగేదాకా ఆ చెయ్యి వదలడు.

"అమ్మ శాంతించబట్టి నీ పిల్ల దక్కింది. మళ్ళీ ఈ ఎతుకులాటేటిరా?" అని దేముడు అడుగుతుంటాడు.

"అవును మావా," అంటాడు నూకరాజు. వంగి ఇంకో మంచం కింద చూస్తాడు.