కువైట్ నుంచి ఐదు గంటలు

ఆ అంబులెన్స్ డ్రైవర్ పేరు నేను అడగలేదు. కువైట్‌లో పనికి వెళ్లి అక్కడే చనిపోయిన మా చెల్లెలిని చెన్నై విమానాశ్రయం నుంచి తిరుపతికి తెచ్చినవాడు ఆయన. పెట్టె ఎక్కించగానే ఒక్కటే అడిగాడు.

"ఇంట్లో అమ్మకు సెప్పినారా సార్?"

ఒంట్లో బాగాలేక వస్తోందని మాత్రమే చెప్పామన్నాను. నగరి దాటాక ఆయన రోడ్డు పక్కన బండి ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"సెప్పకుండా వాకిట్లో దించితే ఆ తల్లి ఏమైపోతాదో నేను సూసినాను సార్. సెప్పండి, పోదాం."

ఫోన్ చేసి చెప్పాను. అమ్మ అడిగింది.

"విమానంలో ఎన్ని గంటలు నాయనా?"

"ఐదు గంటలమ్మా."

"అంతసేపూ బిడ్డ ఒక్కతే ఉండిందా?"

అమ్మ మాట ఆయనకూ వినిపించినట్టుంది. దిగి వెళ్లి బండి వెనక తలుపు తెరిచాడు.

"మీరు ఈడ కూసోండి సార్," అన్నాడు. "పక్కనే కూసున్నానని అమ్మకు సెప్పండి."