సంత గుర్రమెక్కిన సూపర్‌వైజరు

పైగూడెం అంగన్‌వాడీకి పదహారేళ్లుగా టీచరు ఈశ్వరమ్మే. డ్యూటీకి ఆమె ఎక్కని బండి లేదు. జీపు వెనక నిచ్చెన పట్టుకుని వేలాడింది, ట్రాక్టరులో కాఫీ బస్తాల మీద కూర్చుంది, వాగు పొంగితే చీర ఎగ్గట్టి దాటింది. ఇప్పుడు పాడేరులో ఇంటరు చదివే గూడెం పిల్లలు ముగ్గురికీ అక్షరాలు దిద్దించింది తనేనని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంది. ఉన్నమాటే కదా, చెప్పుకుంటే తప్పేముంది?

ఈ ఏడు వానలకు దారి కోసుకుపోయి జీపు ఆగిపోయింది. దాంతో సంతకు మిరియాలు మోసే మామ సోంబరు గుర్రమే ఆమెకు బండి అయింది.

ఆరోజు సూపర్‌వైజరు సుజానా తనిఖీకి వస్తానంది. పైగూడెం కేంద్రాన్ని రోడ్డు పక్క ఊళ్లో కలపాలా వద్దా అన్నది ఆవిడ రాసేదాన్ని బట్టే ఉంటుంది. కలిపితే గూడెంలోని పద్నాలుగు మంది పసివాళ్లు అంత దూరం దిగిరాలేరు. గుడ్డూ పాలూ పోయినట్టే.

కొండ నడుమనున్న తన ఊళ్లో ఈశ్వరమ్మ పెందలాడే గుర్రమెక్కింది. అది సంతరోజన్న సంగతి ఆమె మరిచింది, గుర్రం మరవలేదు. రెండుదార్ల దగ్గర కిందికి తిరిగి, కళ్లెం ఎంత లాగినా వినక, సంత నడుమకొచ్చి నిలబడింది.

"ఏటే ఈశ్వరీ, మిరియాలికి బదులు మీ మావ కోడల్నే తోలేసినాడేటి?" అంది చింతపండు అమ్మే అసిరమ్మ. సంతంతా నవ్వింది.

అక్కడే, జీపు ఆగిపోయిందని తెలియక దాని కోసం చూసిచూసి విసిగిన సుజానా కనిపించింది. తను కొండ ఎక్కలేనని, టీచరు కూడా చేరలేని కేంద్రమని రాసేసి వెళ్తానని అంది. ఈశ్వరమ్మ గబుక్కున దిగింది.

"ఒక్కపాలి కూకోండి మేడం. ఎలాగుంటాదో సూడండి."

మొహమాటపడుతూనే ఆవిడ ఎక్కింది. సంతలో వీపున బరువు పడితే కొండదారి పట్టడమే ఆ గుర్రానికి తెలుసు. సుజానా వద్దనేలోపే సంత దాటేసింది. ఈశ్వరమ్మ తాడు పట్టుకుని ముందు నడిచింది. నిట్టనిలువుగా ఉన్న ఎక్కుడులో ఆవిడ కళ్లు మూసుకుని గుర్రం మెడ వాటేసుకుంది.

పైన కేంద్రంలో పిల్లలను ఆయా వరసగా కూర్చోబెట్టి ఉంది. ఈశ్వరమ్మ రిజిస్టరులో తను వచ్చిన వేళ పదీ ఇరవై అని ఉన్నదున్నట్టు వేసింది. సుజానా మంచినీళ్లు తాగి, ముక్కు కారుతున్న మూడేళ్ల పిల్లను చాలాసేపు చూసింది.

"ఈ పిల్ల రోజూ ఆ దారిలో దిగాలా?" అంది.

ఈశ్వరమ్మ కొంగుతో ఆ పిల్ల ముక్కు తుడిచింది. సుజానా పెన్ను తీసి, కేంద్రం ఇక్కడే ఉండాలని రాసి సంతకం పెట్టింది.