పాత కోడ్‌లో పడిన వాన

మా ఆఫీసు సాఫ్ట్‌వేర్ కోడ్‌నంతా ఈ రోజు, ఇన్నాళ్లూ దాన్ని దాచుకున్న పాత ఎస్‌వీఎన్ నుంచి గిట్ అనే కొత్త పద్ధతికి మార్చాం. ఎవరు ఏ మార్పు ఎందుకు చేశారో రాసుకున్న పాత నోట్లు కూడా కోడ్‌తో పాటే వచ్చాయి. అన్నీ ఇంగ్లీషే. ఒక్కటి మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "సగమే అయింది. ఊర్లో వాన పడిందంట, శెనక్కాయ ఇత్తనం ఏసేకి పోతాండా."

రాసింది మా మేనేజర్, సోమందేపల్లె నాగరాజన్న. ఇప్పుడు మేం ఒక పూట సెలవడిగితే సవాలక్ష ప్రశ్నలు వేసే మనిషి.

"అన్నా, దీన్ని తీసేద్దామా?" అని అడిగాను.

ఆయన స్క్రీన్ మీదికి వంగి ఆ నోటు చదివాడు. "ఉండనీప్పా. ఆ ఏడు పడింది అదొక్క వానే."

మరి పంట చేతికొచ్చిందా అని నోటిదాకా వచ్చింది, అడగలేకపోయాను. మీరైతే అడిగేవారా?