మట్టిపనీ, షుగరు ఒళ్ళూ

ఆ రోజు ఇప్ప మొలకల్ని కవర్లలోకి మారుస్తా ఉంటే చలి పుట్టింది. చెన్నైలో, అదీ మిట్టమధ్యాహ్నం, చలేమిటి? ముందురోజు వానలో తడిసినాను గదా, మామూలు జ్వరమే అనుకున్నా. కషాయం తాగి మళ్ళీ మొక్కల దగ్గరికే పోయినా.

అంబత్తూరులో మా ఇంటి వెనక వీధిలో ఖాళీ స్థలం బాడుగకు తీసుకొని ఆ ఏడే నర్సరీ మొదలుపెట్టినాను. క్రోటన్లూ ఆర్కిడ్లూ ఉండవు. ఇప్ప, పొగడ, కానుగ, నేరేడు, అన్నీ ఈ నేలలో పుట్టిన చెట్లే. ఇవెవరు కొంటారని మా ఆయన నవ్వినాడు. నవ్వనీలే అని నీడకు పచ్చ నెట్ కట్టించి, వట్టి కాళ్ళతో బురదలో తిరుగుతా ఎర్రమట్టీ ఎరువూ కలిపినా. నాకు షుగరు చాలా ఏళ్ళుగా ఉండాది. మడమలు పగిలి ఉండేవి. ఆ జ్వరానికీ వీటికీ సంబంధం ఉంటుందని ఎవరికి తెలుసు?

జ్వరం పోలేదు, దగ్గు తోడయింది. వీధి చివరి డాక్టరు ఎక్స్‌రే చూసి న్యుమోనియా అన్నాడు. ఆ మందులకు తగ్గకపోతే పెద్ద ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీసినారు. ఊపిరితిత్తిలో మచ్చ ఉంది, టీబీ కావచ్చు అన్నారు. కఫం టెస్టులో ఏమీ కనపడకపోయినా టీబీ మాత్రలు మొదలుపెట్టినారు. మింగితే వాంతి, మానితే తిట్లు. గాజులు మోచేతి దాకా జారేవి. ఒక రోజు బీపీ పడిపోయి ఐసీయూలో పెట్టినారు.

ఆడ కిటికీ కూడా లేదు. చేతికి డ్రిప్పు, మొహానికి ఆక్సిజన్ మాస్కు, పక్కకు తిరగాలన్నా నర్సమ్మను పిలవాలి. నాకేమో మొక్కల మీదే దిగులు. కవర్లను అప్పుడప్పుడు జరపకపోతే వేరు అడుగు చించుకొని నేలలోకి దిగిపోతుంది, ఆ తర్వాత పీకితే మొక్క చస్తుంది. ఈ సంగతి చెబితే మా ఆయన, "నువ్వు బతికితే చాల్లే" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, నాకు మాత్రం ఒళ్ళు మండింది. మాస్కు పెట్టుకొని ఎవరితో పోట్లాడేది?

వార్డుకు మార్చినాక, రౌండ్సుకు వచ్చిన కొత్త డాక్టరమ్మ నా పాదాలు తిప్పి చూసి ఏం పని చేస్తారని అడిగింది. మా ఆయన అలవాటుగా, "హౌస్‌వైఫ్ డాక్టర్, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. వీధి చివరి డాక్టరుకూ, ఈ ఆస్పత్రిలో చేరినప్పుడూ ఆయనే అట్లా చెప్పినాడు. నేను మాస్కు లాగేసి, "నర్సరీ పెట్టినాను. పొద్దస్తమానం మట్టిలోనే ఉంటాను" అన్నా.

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అని ఆమె వెంటనే రక్తంలో ఏ క్రిమి ఉందో తేల్చే బ్లడ్ కల్చర్ పరీక్షకు పంపించింది. వచ్చిన పేరు మెలియోయిడోసిస్. తడిమట్టిలో ఉండే క్రిమి కాళ్ళ పగుళ్ళలోంచి ఒంట్లోకి దిగితే వచ్చే జబ్బంట. షుగరు ఉండేవాళ్ళను గట్టిగా పట్టుకుంటుందంట, చూడ్డానికి టీబీ మాదిరే ఉంటుందంట. టీబీ మాత్రలు ఆపి, వారాల తరబడి ఐవీ ఇంజెక్షన్లు ఇచ్చినారు. ఇంటికి వచ్చినాక నెలల పాటు మాత్రలు. మధ్యలో ఒళ్ళంతా దద్దుర్లు లేచి మందు మార్చినారు.

ఇల్లు ఆస్పత్రి కంటే ఇరుకైపోయింది. డాక్టరమ్మ చెప్పింది బూట్లూ గ్లౌజులూ వేసుకొమ్మని, షుగరు అదుపులో పెట్టుకొమ్మని. మా వాళ్ళకు వినపడింది మట్టి ముట్టొద్దని. మా అమ్మాయి నర్సరీ తాళంచెవి దాచేసింది. నేను తెలుగులో అరుస్తా ఉంటే అది అరవంలో "పోదుమ్మా" అంటుంది, ఇక చాలమ్మా అని. దాని భయం చూసి నోరు మూసుకునేదాన్ని. ఎంతకాలమని మూసుకునేది? చివరికి చెకప్‌కు పోయినప్పుడు తండ్రీకూతుళ్ళిద్దరినీ డాక్టరమ్మ ఎదురుగా కూర్చోబెట్టి, ఆమె చేతనే మళ్ళీ చెప్పించినా.

ఇప్పుడు మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతులకు గ్లౌజులు. సగం మొక్కలు పోయినాయి, పొగడలు నిలబడినాయి. వాన పడే రోజుల్లో పోకూడదని ఇంట్లో ఒప్పందం. తడిమట్టి వాసనకు ఒకప్పుడు ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు లేచి కిటికీ మూస్తాను.

షుగరు ఉండి మట్టిలో పనిచేసేవాళ్ళకు ఒక్క మాట. జ్వరం వదలకపోతే కల్చర్ చేయించమని అడగండి. ఏం పని చేస్తారో డాక్టరుకు మీ నోటితో చెప్పండి, పక్కన నిలబడినవాళ్ళు మీ తరఫున జవాబు చెప్పేలోపలే.