అరటిపళ్ల మావయ్య దాచుకున్న బాధ

మా మావయ్య ఈ నెల మొదట్లో రాజమండ్రి ఆసుపత్రిలో పోయారు. అమ్మకి తమ్ముడు, రావులపాలెంలో అరటి గెలల వ్యాపారి. పెద్దపేగు క్యాన్సర్ అని తెలిసేసరికే అది కాలేయం దాకా పాకింది. నాకు ఏడుపు కంటే ముందు కోపమొస్తోంది, ఎవరి మీదో తెలియదు.

ఆయన మా ఇంటికి ఏనాడూ ఒట్టి చేతులతో రాలేదు. చక్కెరకేళి అరటిపళ్ల అత్తం అమ్మ చేతిలో పెట్టాకే కూర్చునేవారు. మార్కెట్లో గెల ఎవరిదైనా సరే, ఎండలో కనిపిస్తే నీడకి జరిపించి మరీ వెళ్లేవారు. ఎవరికైనా విరేచనం సాఫీగా అవడం లేదని తెలిస్తే ఇక ఊరుకునేవారు కాదు. "రెండు పళ్లు తిని, గోరువెచ్చని నీళ్లు తాగి పడుకోండి. పొద్దున్నే మీరే ఫోన్ చేస్తారు" అనేవారు. పెళ్లి భోజనాల్లో కూడా ఇవే కబుర్లు. అత్తయ్య తల పట్టుకునేది.

అలాంటి మనిషికి అరవై దాటాక, ఎప్పుడూ లేనిది, ఆ బాధే మొదలైంది. పళ్లు ఎక్కువ తిన్నారు, ఇసబ్‌గోల్ తాగారు. రక్తం పడితే మొలలనుకున్నారు. అత్తయ్యకి కూడా చెప్పలేదు. "ఏంటి మావయ్యా, ఇలా చిక్కిపోయారు?" అంటే "ఎండలమ్మా" అనేవారు.

చివరికి పొట్ట ఉబ్బి, గాలి కూడా పోక, వాంతులు పట్టుకుంటే అప్పుడు తీసుకెళ్లాం.

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదండి?" అని డాక్టరుగారు అడిగారు.

"అరటిపళ్లు అమ్మేవాడికి మలబద్ధకం అంటే మార్కెట్లో నవ్వుతారండి" అన్నారు మావయ్య, గోడ వైపు తిరిగి.

ఎవరం నవ్వలేదు. డాక్టరుగారు అత్తయ్యకి నెమ్మదిగా చెప్పారు. "రెండు మూడు వారాలకీ తగ్గకపోయినా, ఈ వయసులో అలవాటు కొత్తగా మారినా, రక్తం పడినా, ఊరికే బరువు తగ్గినా చూపించుకోవాలండి. ఇలా పొట్ట ఉబ్బి వాంతులైతే ఆ పూటే రావాలి." ఆవిడ వింటూనే మావయ్య పాదాలు నిమిరింది.

పెద్దకర్మ భోజనాలయ్యాక, మావయ్యతో కలిసి వ్యాపారం చేసిన స్నేహితుడు నన్ను పక్కకి పిలిచారు.

"నాక్కూడా రక్తం పడతందమ్మా. మీ మావయ్యకి చెప్తే నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. తనకీ ఉందని మాత్రం అన్లేదు" అన్నారు తలొంచుకుని.

మర్నాడే ఆయన్ని అదే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. పేరు పిలవగానే లేచారు. నా వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లారు. తలుపు మూసుకుంది. గుమ్మం పక్కన ఆయన చెప్పులు మిగిలాయి, పట్టీల నిండా అరటి కర నల్లగా.