అటు తిరిగి కూర్చున్న అమ్మ

మా చిన్నప్పుడు... ఆళ్లగడ్డలో మా వీధివాళ్లు ఒకరికొకరు ఎదురుపడితే అడిగే మాట ఒకటే. "లచ్చిమి తినిందా?"

లచ్చిమి మా చెల్లెలు. అప్పుడు దానికి మూడేళ్లు. ఎనభైల మొదట్లో సంగతి. తట్టు పోసి తగ్గాక పిల్ల తిండి మానేసింది. జొన్న సంగటి పెడితే మూతి బిగించేది. కొర్రన్నం పెడితే బుగ్గన దాచుకుని అలాగే నిద్రపోయేది... నంద్యాల మార్కెట్లో మూటలు మోసే మా నాయన, వస్తూ వస్తూ బన్ను తెస్తే గిల్లి గిల్లి కోళ్లకు వేసేది.

ఎత్తుకుంటే ఎముకలు చేతికి తగిలేవి. నాలుగు అడుగులు వేస్తే కూలబడేది. నంద్యాల డాక్టరు టానిక్ ఇచ్చి, తిండి పడితేనే పిల్ల నిలబడుతుందన్నాడట. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మకు నిద్ర లేదు.

ముద్ద కలిపి దాని ఎదురుగా కూర్చుని నోట్లోకే చూసేది అమ్మ. ఆమె పక్కన అవ్వ. వెనకాల నేను. అది నోరు తెరవాలని మేం ముగ్గురం నోళ్లు తెరిచేవాళ్లం...

"ఇట్ల కాదు. నాలుగిండ్ల ముద్ద అడుక్కొచ్చి పెట్టాల" అంది అవ్వ ఒకరోజు.

తినని పిల్లకు ఇల్లిల్లూ తిరిగి అడుక్కొచ్చిన అన్నం పెడితే ఆకలి పుడుతుందని మా వైపు పాత నమ్మకం. గిన్నె పట్టుకుని నేనే బయల్దేరాను. ఒకరు పెరుగన్నం వేశారు, ఒకరు రొట్టె ముక్క, ఒకరు ఉగ్గాని. వేసినవాళ్లు ఊరికే ఉంటారా... పిల్ల తింటుందో లేదో చూద్దామని నా వెనకే వచ్చేశారు. వాకిలి నిండా జనం. లచ్చిమి ఒక్కసారి అందరినీ చూసి, అమ్మ కొంగులో ముఖం దాచుకుంది. అంతే.

మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనొక్కదాన్నే. మూడో తరగతి. బడిలో చెప్పనిదంటూ ఉండదని అమ్మ నమ్మకం.

"బడికి పోతాండావ్ గదా... పిల్ల ఎందుకు తినదో మీ టీచరమ్మనడుగు."

అడిగాను. టీచరమ్మ నవ్వలేదు. "అది పాఠంలో లేదు తల్లీ. ఎప్పుడన్నా, యాడన్నా తింటుందేమో కనిపెట్టు" అంది.

ఇక చూడండి... బడి నుంచి రాగానే చెల్లెలి వెనకే పిల్లిలా తిరగడం నా పని.

ఒక సాయంత్రం అది గోడ పట్టుకుని మెల్లగా ఎదురింట్లోకి వెళ్లింది. మాబున్నత్త ఇల్లు. గాజులమ్ముకునే కుటుంబం. చాప మీద వెడల్పాటి పళ్లెం, అందులో సంగటి, మధ్య గుంటలో వేరుశనగ బుడ్డల చట్నీ. చుట్టూ ఆమె పిల్లలు. ఆ పిల్లల సందులో దూరి, మా లచ్చిమి... తింటోంది!

పరుగున వెళ్లి అమ్మను లాక్కొచ్చాను. అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. కళ్లలో నీళ్లు.

"నా సేతి ముద్ద సేదైందా దీనికి?"

"ఏమ్మో, తినే పిల్లను సూసి ఎవురన్నా ఏడుస్తారా?" అంది మాబున్నత్త.

"సంగట్లో ఏమన్నా కలిపినావా వదినా?"

"ఏం కలపల్యా. ఈడ ఆలస్యం జేస్తే సేతికి ఉత్త పళ్లెం తగుల్తాది, అంతే!"

నేనూ ఒక ముద్ద నోట్లో వేసుకున్నాను. అవే జొన్నలు, అదే ఉప్పు. మరి తేడా ఎక్కడ? నిలబడి చూశాను. పిల్లలు ఒకరి చేతిని ఒకరు తోసుకుంటూ తింటున్నారు. మాబున్నత్త వాళ్లకు వీపు పెట్టి గాజులు దారానికి గుచ్చుకుంటోంది. లచ్చిమి నోటి వంక చూసేవాళ్లే లేరు...

మర్నాడు మా ఇంట్లో పెద్ద పళ్లెం తీసి, సంగటీ చట్నీ వేసుకుని, చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"అమ్మా, నువ్వటు తిరుగు."

"ఏందీ? కన్న పిల్ల తింటాంటే గోడ సూస్తా కూచోవాల్నా?"

"సెప్పినట్టు సెయ్యే, సదువుకునే పిల్ల" అని అవ్వ బయటికి నడిచింది.

అమ్మ గొణుక్కుంటూ చేటలో జొన్నలు పోసుకుని గోడవైపు తిరిగింది. ఆ గోడ దగ్గర అరుగు మీద ఆమె పెళ్లినాటి ఇత్తడి బిందె ఉండేది. నేను గబగబా తినడం మొదలుపెట్టాను. సంగటి తగ్గిపోతోంది. లచ్చిమి పళ్లెం చూసింది, నన్ను చూసింది...

"అక్కా! అంతా నువ్వే తింటాండావ్!"

చెయ్యి పెట్టేసింది.

చేట ఆగిపోయింది. అమ్మ మాత్రం తిరగలేదు. కాసేపటికి "చట్నీ ఇంగ రొంత" అన్న మాట వినబడ్డాక, చేట మళ్లీ కదిలింది.

వానలు పడేనాటికి లచ్చిమి వీధిలో పరుగులు తీసింది. అమ్మ మాత్రం మేం తింటుంటే ఎప్పుడూ అటే తిరిగి కూర్చునేది. ఆ బిందెను కూడా, పండగా పబ్బం లేకుండా రోజూ చింతపండు వేసి తోమేది. పిల్ల బాగుపడిన సంతోషంలో తోముతోందేమో అనుకున్నాను.

ఒకరోజు లచ్చిమి బొరుగులు తింటుంటే, ఊరికే వెళ్లి అమ్మ చోట కూర్చున్నాను. ఎదురుగా తళతళలాడే బిందె... దాని నడుములో, బంగారు రంగులో, చిన్న లచ్చిమి. నోటి నిండా బొరుగులు.

అమ్మ ఒక్క ముద్ద కూడా వదిలిపెట్టలేదన్నమాట!

నిన్న లచ్చిమి ఫోన్ చేసింది. దాని మనవరాలు తినదట. సెల్‌ఫోన్‌లో బొమ్మలు చూపిస్తే తప్ప నోరు తెరవదట. "నువ్వు అటు తిరిగి కూచో" అన్నాను.

"తిరిగితే అది తినేది నాకెట్ల కనపడ్తాదక్కా?"

ఆ బిందెను ఎప్పుడో పాత సామాన్లవాడికి వేసేశాం.

మీ ఇంట్లో తినని పిల్లలెవరు? మీ అమ్మలు ఏ వైపు తిరిగి కూర్చునేవాళ్లు? తెలుసుకోవాలనుంది...