దంపతుల మధ్య గ్యాప్

మా మేనకోడలు వారం రోజులుగా మా ఇంట్లోనే ఉండి ఆఫీసు పని చేసుకుంటోంది. సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేసే ఉద్యోగం దానిది. నిన్న కాఫీ ఇవ్వడానికి వెళ్ళి, పాత అలవాటు చావక కంప్యూటర్లోకి తొంగి చూశాను కదా, డిఫరెన్షియల్ పెయిర్లలో, అంటే జంట గీతల్లో, ఒకదానికొకటి ఎంత ఎడం ఉండాలో రూలు పెడుతోంది. "దంపతులకి ఎంత గ్యాప్ ఇచ్చావే?" అన్నాను. నా వంక వెర్రిగా చూసింది. దాని తప్పేం లేదు లెండి, ఆ మాట మా రాజమండ్రి ఆఫీసులో తప్ప లోకంలో ఎక్కడా లేదు.

నాకు పెళ్ళైన కొత్తలో, ఓ బట్టల కొట్టు మేడ మీద ఉండేది ఆ ఆఫీసు. పై ఊళ్ళ కంపెనీలకి బోర్డులు గీసి పంపేవాళ్ళం. బోర్డు మీద కొన్ని రాగి గీతలు జంటగా నడుస్తాయి. ఇద్దరూ మోసేది ఒకే కబురు, ఒకరు తిన్నగా, ఒకరు తలకిందులుగా. దారిలో బయటి గోల ఏది వచ్చి పడినా ఇద్దరి మీదా సమానంగా పడి, చివర్లో అది కొట్టుకుపోయి కబురు మాత్రం మిగులుతుంది. అందుకని మొదటి నుంచి చివరి దాకా వాళ్ళ మధ్య ఎడం ఒక్కలాగే ఉండాలి. అతుక్కోకూడదు, విడిపోకూడదు, మధ్యలో ఇంకొకరు దూరకూడదు. రూలు తప్పిన చోటల్లా సాఫ్ట్‌వేర్ ఆ గీతల్ని పచ్చగా మెరిపించి మరీ చెప్పేది. రోజూ ఆత్రేయపురం నుంచి బస్సులో వచ్చే మా సీనియర్ గారికి హాస్యం ఎక్కువ, ఆ జంటలకి దంపతులని పేరు పెట్టింది ఆయనే.

ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. మా అత్తగారికి మాత్రం ఇష్టం లేదు. మావారిది మెయిన్ బజార్లో స్టీలు సామాన్ల కొట్టు, కోడలు జీతానికి వెళ్ళడమేమిటని ఆవిడ బాధ. అయినా సర్దుకుపోతున్న రోజుల్లో, నేను సెలవు పెట్టిన పూట సీనియర్ గారు ఇంటికి ఫోన్ చేశారు. పక్కనే అత్తగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. నేను నా ధోరణిలో, "దంపతులు మలుపులో విడిపోయారాండీ? పర్లేదండీ, ముందు ఇద్దర్నీ తీసేయండి. మళ్ళీ మరీ దగ్గరగా పెట్టకండి, రేపొచ్చి ఎంత దూరం ఉంచాలో నేను చూస్తాను" అన్నాను.

ఫోన్ పెట్టేసరికి చిక్కుడుకాయలు పక్కకి జరిగాయి. "రేపట్నించి ఆఫీసు వద్దమ్మా. ఒకళ్ళ కాపురాల్లో వేలు పెట్టే ఉద్యోగం మనకెందుకూ?" అన్నారు. ఎంత వివరించినా నమ్మలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. రాత్రి భోజనాల దగ్గర సంగతి విన్న మావారు, తల్లి ముందు నవ్వలేక పొలమారి, ఎలాగో తేరుకుని, "చూడకుండా సరుకు కొనవు కదమ్మా, ఓసారి వెళ్ళి చూసిరా" అన్నారు. వ్యాపారస్తుల ఇంట్లో ఆ మాటకి తిరుగులేదు.

మర్నాడు ఆటోలో ఇద్దరం వెళ్ళాం. సీనియర్ గారు హడలిపోయి కుర్చీ వేశారు. విడిపోయిన గీతల్ని చూపించాను, గ్యాప్ అంకె సరిచేశాను, మళ్ళీ గీశాను. పచ్చదనం పోయి రెండు గీతలూ పక్కపక్కనే మలుపు తిరిగి వెళ్ళాయి. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"మధ్యలో ఇంకోళ్ళు రాకూడదా?"

"రాకూడదండీ, కబురు చెడిపోతుంది."

తిరుగు ప్రయాణంలో అత్తగారు బయటికి చూస్తూ, "మా రోజుల్లో మధ్యలో అందరూ ఉండేవారే" అన్నారు. మావగారు పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఇల్లు చేరాక, "రేపు వేళకి వెళ్ళు, క్యారేజీ నేను కడతాను" అన్నారు.

ఉద్యోగం నిలబడింది. దాంతో పాటు ఇంకొకటి కూడా మొదలైందని నాకు వెంటనే తెలియలేదు. మావారు కొట్టు నుంచి వచ్చే వేళకి అత్తగారు చెప్పులు వేసుకుని పక్కింటికి వెళ్ళడం మొదలుపెట్టారు. మాది రెండు గదుల ఇల్లు, అన్నీ అందరికీ వినబడే ఇల్లు. ఆ కాసేపట్లో మేమిద్దరం ఎన్ని కబుర్లు చెప్పుకునేవాళ్ళమో! ఆవిడకి అక్కడ కాలక్షేపం దొరికిందనే అనుకున్నాం. ఆవిడ పోయాక పక్కింటావిడ చెప్పింది, కబుర్లేమీ ఉండేవి కావట, గడియారం చూసుకుంటూ, "ఇప్పుడే వెళ్తే బావుండదు, ఇంకాసేపు కూర్చుంటానమ్మా" అనేవారట.

ఇప్పుడు కొత్త జంటలకి మొదటి రోజు నుంచీ వేరే గది, కుదిరితే వేరే ఇల్లు ఉంటున్నాయి. మంచిదే, మేం పడ్డ ఇబ్బంది వాళ్ళకెందుకు? కానీ తమ కోసం ఒక పెద్దావిడ రోజూ లేచి వెళ్ళి పరాయి వసారాలో కూర్చుందన్న మాట వాళ్ళు ఎన్నడూ వినబోరు. నేనైనా ఆవిడ ఉండగా వినలేదు. విని ఉంటే ఒక్క సాయంత్రమైనా ఎదురెళ్ళి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేదాన్ని.